డీఎన్ఏ అక్షరమా, దాని మీది మిథైల్ గుర్తా: జన్యువు పలకడాన్ని ఏది నిర్ణయిస్తుంది?

ప్రశ్న: కందుకూరు అధ్యాపకురాలు

నేను కందుకూరులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతున్నాను. పోయిన వారం జన్యు వ్యక్తీకరణ గురించి చెబుతూ, డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ సమూహం అతుక్కుంటే ఆ జన్యువు పనిచేయడం ఆగిపోతుందని వివరించడానికి, బోర్డు మీద "క" రాసి దానికి పొల్లు పెట్టి "క్" చేసి చూపించాను. అక్షరం అదే ఉన్నది, పలుకు మాత్రం పోయింది అన్నాను. అప్పుడు వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఆ పొల్లు ఏ అక్షరానికి పెట్టాలో ఎవరు చెబుతారు?" అని అడిగింది. తెలుసుకొని చెబుతానన్నాను. ఇంటికి వచ్చి చదివిన కొద్దీ చిక్కు మరింత బిగుసుకున్నది. మిథైలేషన్ జన్యువును ఆపుతుందని ఒకచోట, జన్యువులోని అక్షరభేదమే మిథైలేషన్‌ను నిర్ణయిస్తుందని మరొకచోట, జన్యువు ఆగిన తరువాతే మిథైల్ గుర్తు పడుతుందని ఇంకొకచోట ఉన్నది. మూడూ నిజమైతే వీటిలో ముందు వచ్చేది ఏది?

ఇది పాఠం కోసం మాత్రమే అడగడం లేదు. మా నాన్న, బాబాయి అచ్చుగుద్దినట్టుండే కవలలు. ఊళ్లో ఇప్పటికీ ఒకరి పేరుతో మరొకరిని పిలుస్తారు. ఇద్దరికీ 61 ఏళ్లు. నాన్న ఒంగోలులో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బాబాయి కొండపి వైపు పొగాకు సాగు చేస్తాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్లు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ గది దగ్గరే ఉంటాడు, నోట్లో చుట్ట ఉండనే ఉంటుంది. నాన్నకు తొమ్మిదేళ్ల క్రితం షుగర్ వచ్చింది, బాబాయికి ఇంతవరకు లేదు. ఈ మధ్య ఒక బంధువు ఏదో సంస్థ వాళ్ల కాగితం తెచ్చి, లాలాజలం పంపిస్తే మిథైల్ గుర్తులను చూసి శరీరం అసలు వయసు చెబుతారని, ఆ గుర్తులను సరిచేసే పొడి కూడా వాళ్లే ఇస్తారని చెప్పాడు. అప్పటి నుంచి నాన్న, ఆ పొడి వాడితే షుగర్ మాత్రలు తగ్గించుకోవచ్చు కదా అంటున్నారు. ఇద్దరిలో అక్షరాలు ఒకటే అయినప్పుడు తేడా అంతా గుర్తులలోనే ఉండాలని ఆయన వాదన. పైకి చూస్తే ఆ వాదనలో తప్పు నాకు కనబడడం లేదు, కానీ మనసు ఒప్పుకోవడం లేదు. తెలిసినవారు విడమరిచి చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: అద్దంకి, ప్రస్తుతం హైదరాబాద్

మేడమ్, మాది అద్దంకి. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పదకొండేళ్లుగా మిథైలేషన్ కొలిచే పనిలోనే ఉన్నాను. మీ విద్యార్థిని అడిగినది ఈ రంగమంతటికీ మూలమైన ప్రశ్న. ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి.

పొల్లు ఉపమానం నాకు చాలా నచ్చింది. దానితోనే మొదలుపెడతాను, అది ఎక్కడ సరిపోదో కూడా చెబుతాను. మనిషి డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. మిథైల్ గుర్తు వీటిలో ఎక్కడంటే అక్కడ పడదు. సైటోసిన్ పక్కనే గ్వానిన్ వచ్చే చోట్లలోనే ప్రధానంగా పడుతుంది. వీటిని సీపీజీ చోట్లు అంటారు, ఇవి సుమారు 2 కోట్ల 80 లక్షలు ఉంటాయి. మన కణాలలో చాలావాటిలో ఈ చోట్లలో 60 నుంచి 80 శాతం వరకు గుర్తు పడే ఉంటుంది. గుర్తు లేకుండా ఉండేవి ముఖ్యంగా జన్యువు మొదలయ్యే ప్రమోటర్ దగ్గర గుంపుగా ఉండే సీపీజీలు. వాటిని సీపీజీ ద్వీపాలు అంటారు. ఆ ద్వీపం మీద గుర్తులు పడితే జన్యువు నిజంగానే మూగబోతుంది. గుర్తును గుర్తుపట్టే ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి, అవి మరికొన్నింటిని పిలుస్తాయి, ఆ మేర డీఎన్ఏ చుట్ట చుట్టుకుపోయి, చదివే యంత్రాంగానికి అందకుండా పోతుంది. ఇంతవరకు మీ పొల్లు సరిగ్గా సరిపోతుంది. అయితే జన్యువు నడిమి భాగంలో సంగతి వేరు. బాగా పనిచేస్తున్న జన్యువుల నడుమ భాగంలోనే ఈ గుర్తులు దట్టంగా కనిపిస్తాయి. అందువల్ల "మిథైలేషన్ అంటే ఆపడం" అని పిల్లల చేత రాయించకుండా, "ప్రమోటర్ దగ్గర మిథైలేషన్ అంటే సాధారణంగా ఆపడం" అని రాయించమని నా మనవి.

ఇక పొల్లు పెట్టేది ఎవరు అన్న విషయం. కొత్తగా గుర్తు పెట్టేవి డీఎన్ఎంటీ3ఏ, డీఎన్ఎంటీ3బీ అనే ఎంజైమ్‌లు. కణం రెండుగా చీలేటప్పుడు పాత పోగు మీది గుర్తులను చూసి కొత్త పోగు మీద ఎత్తిరాసేది డీఎన్ఎంటీ1. గుర్తు తొలగడానికి దారి చూపేవి టెట్ ఎంజైమ్‌లు. కానీ వీటికి ఏ జన్యువు దగ్గర ఆగాలో, ఏది దాటి పోవాలో వాటంతట అవి తెలియదు. చాలా చోట్ల ఆ సంగతి తేల్చేది అక్షరాల వరుసే. ఒక్కొక్క వరుసను గుర్తుపట్టి దాని మీద కూర్చునే నియంత్రణ ప్రోటీన్లు ఉంటాయి. అవి కూర్చుని ఉన్నంతవరకు అక్కడ గుర్తులు పలచగానే ఉంటాయి. ఆ వరుసలో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్‌కు అక్కడ పట్టు చిక్కకపోతే, ఖాళీ అయిన చోటికి మిథైల్ ఎంజైమ్‌లు వచ్చి గుర్తు పెట్టి పోతాయి. జన్యువు పని కూడా తగ్గుతుంది. అక్షరాన్ని చూడకుండా గుర్తును, జన్యువు పనిని మాత్రమే కొలిచినవారికి గుర్తే జన్యువును తగ్గించినట్టు కనబడుతుంది. నిజానికి రెండింటికీ మూలం మారిన ఆ ఒక్క అక్షరం.

మన వైపు మాటలో చెప్పాలంటే, తూము మూసి ఉన్నది, మడిలో నీళ్లు లేవు. నీళ్లు రాకూడదని తూము మూశారా, కోతలు అయిపోయి నీళ్లతో పని లేక మూశారా అన్నది గట్టు మీద నిలబడి ఒకసారి చూసినంత మాత్రాన తెలియదు. రెండూ జరుగుతాయి. ఆడవారి కణాలలో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లలో ఒకటి మూగబోతుంది కదా, అక్కడ పరిశీలించినప్పుడు ముందు జన్యువు మూగబోయి, ఆ తరువాతే ప్రమోటర్ మీద మిథైల్ గుర్తులు పడినట్టు 1980ల లోనే తేలింది. అక్కడ గుర్తు చేసేది తాళం వేయడం; తలుపు అప్పటికే మూసి ఉంటుంది. మరోవైపు 1980లో టేలర్, జోన్స్ అనే ఇద్దరు, మిథైలేషన్‌ను అడ్డుకునే 5-అజాసైటిడిన్ అనే పదార్థాన్ని ఎలుక కణాలకు ఇస్తే, ఆ కణాలలో కొన్ని కొన్నాళ్లకు కండర కణాలుగా మారాయి. గుర్తు తీసేయగానే అప్పటిదాకా మూగగా ఉన్న జన్యువులు పలికాయన్నమాట. కాబట్టి మీరు చదివిన మూడు మాటలూ నిజమే, కాకపోతే వేర్వేరు చోట్ల నిజం. ఏ జన్యువు, ఏ చోటు, ఏ కణం అని అడగకుండా ముందేది వెనకేది అని అడిగితే జవాబు రాదు.

అక్షరం ఎంత మేర నిర్ణయిస్తుందన్నదానికి లెక్కలు ఉన్నాయి. కవలల రక్తాన్ని పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక డచ్ అధ్యయనంలో, ఒక్కొక్క చోట మిథైలేషన్‌లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సగటున 19 శాతం వంశపారంపర్యమని తేలింది. సగటు అంటే సగటే. కొన్ని చోట్ల దాదాపు అంతా అక్షరాల వల్లే, చాలా చోట్ల దాదాపు ఏమీ కాదు. 2021లో సుమారు 33 వేల మంది రక్తంతో చేసిన మరొక పెద్ద పరిశీలనలో, చూసిన 4 లక్షల 20 వేల చోట్లలో 45 శాతం చోట్ల ఏదో ఒక అక్షరభేదం ప్రభావం కనిపించింది.

మీ తరగతికి పనికివచ్చే ఉదాహరణ ఒకటి చెబుతాను. మన ఇళ్లలో గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారు, అదే పాలు తోడుపెట్టి మజ్జిగ చేసుకుంటే హాయిగా ఉండేవారు ఎంతమందో ఉంటారు. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ దాదాపు చంటిబిడ్డలందరిలోనూ తయారవుతుంది. ప్రపంచంలో ఎక్కువమందిలో పాలు మరిచాక అది క్రమంగా తగ్గిపోతుంది. దాని జన్యువు రెండో క్రోమోజోమ్ మీద ఉన్నది. ఆ జన్యువుకు సుమారు 14 వేల అక్షరాల ముందు, పక్క జన్యువు లోపల ఒక చోట సైటోసిన్‌కు బదులు థైమిన్ ఉన్నవారిలో మాత్రం పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తయారవుతూనే ఉంటుంది. యూరప్‌లో కనిపించే ఆ మార్పే మన దేశంలోనూ ఉన్నది. వాయవ్య రాష్ట్రాలలో ఎక్కువగా, దక్షిణాదిన తక్కువగా కనిపిస్తుంది. ఇప్పుడు మన విషయానికి వద్దాము. పేగు కణాలను చూస్తే, పాత అక్షరం తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులలోనూ ఉన్నవారిలో వయసు పెరిగే కొద్దీ ఆ నియంత్రణ భాగం మీద మిథైల్ గుర్తులు పేరుకుంటాయి, లాక్టేజ్ పడిపోతుంది. కొత్త అక్షరం ఉన్నవారిలో ఆ గుర్తులు పేరుకోవు. గడియారంలా నడిచేది గుర్తు. ఆ గడియారానికి కీ ఇచ్చేదీ ఇవ్వనిదీ అక్షరం. ఈ రెండింటినీ విడదీసి, నీది ఎంత, నాది ఎంత అని పంచడానికి వీలు లేదు.

నాన్నగారి విషయం రాత్రికి రాస్తాను. కాస్త ఓపికగా రాయవలసినది.

జవాబు: నెల్లూరు, పిల్లల వైద్యురాలు

అద్దంకి వారు చెప్పినదానికి మా ఓపీలో ఎదురయ్యే ఒక జబ్బును జోడిస్తాను. దీనిలో అక్షరం, గుర్తు, జన్యువు పని ఒకదాని వెనక ఒకటి వరుసగా కనబడతాయి.

మూడేళ్లు నిండినా మాటలు రాని, కళ్లలోకి చూడని, చేతులు ఆడించే మగబిడ్డను తీసుకొని తల్లులు వస్తారు. వారిలో కొద్దిమందిలో కారణం ఫ్రాజైల్ ఎక్స్ అని తేలుతుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎఫ్ఎంఆర్1 అనే జన్యువు ఉన్నది. దాని మొదట్లో సీజీజీ అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. చాలామందిలో అది 30 సార్లకు అటూ ఇటూగా ఉంటుంది. 55 నుంచి 200 వరకు ఉంటే దానిని ప్రీమ్యుటేషన్ అంటాము. ఆ తల్లి మామూలుగానే ఉండవచ్చు. తల్లి నుంచి బిడ్డకు చేరేటప్పుడు ఆ ముక్క సాగి 200 దాటితే, ఆ పొడవైన వరుస మొత్తానికి, పక్కనున్న ప్రమోటర్‌కు మిథైల్ గుర్తులు పట్టేస్తాయి. జన్యువు మూగబోతుంది, మెదడుకు కావలసిన ప్రోటీన్ తయారుకాదు. ప్రోటీన్ ఎలా ఉండాలో చెప్పే భాగంలో ఒక్క అక్షరం కూడా చెడలేదు, గమనించండి. చెడినది దాని ముందున్న గుమ్మం.

ఇక్కడ గుర్తుదే అసలు పాత్ర అని ఎలా తెలుస్తుందంటే, ముక్క 200 దాటినా మిథైల్ గుర్తులు పడని మగవారు అరుదుగా ఉన్నారు, వారిలో కొందరి తెలివితేటలు మామూలుగానే ఉన్నాయి. 2018లో ప్రయోగశాలలో, ఈ జబ్బు ఉన్నవారి కణాల నుంచి తయారుచేసిన మూలకణాలలో, మామూలుగా డీఎన్ఏను ఎంచుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ అనే పరికరాన్ని, కత్తిరించకుండా ఆ చోటికి మాత్రం చేరేలా మార్చి, దానికి టెట్1 ఎంజైమ్‌ను జతచేసి పంపారు. ముక్క పొడవు అలాగే ఉన్నది, గుర్తులు మాత్రం పోయాయి, జన్యువు మళ్లీ పలికింది. ఇది ఇంకా చికిత్స కాలేదు. తల్లులకు ఆశ పెట్టకూడదు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

మా దగ్గర ఈ జబ్బు పేరు చెప్పగానే అత్తగారు అడిగే మొదటి మాట, "మేనరికం చేసుకున్నందుకేనా అమ్మా?" అని. మేనమామను చేసుకున్న తల్లి ఆ మాట విని తల దించుకుంటుంది. మేనరికంతో ముప్పు పెరిగే జబ్బులు చాలా ఉన్నాయి, వాటిని మేము కాదనము. ఇది మాత్రం ఆ కోవకు చెందదు. తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీది ముక్క సాగడం వల్ల మగబిడ్డకు వస్తుంది, తండ్రి ఎవరైనా ఒకటే. ఈ ఒక్క మాట కుటుంబమంతా కూర్చుని ఉన్నప్పుడే చెప్పడం నాకు అలవాటు. ఆ తరువాత తల్లికి, ఆమె అక్కచెల్లెళ్లకు పరీక్ష చేయించమంటాను, ఎందుకంటే తరువాతి కాన్పు నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

జవాబు: కాకుటూరు, ఎమ్మెస్సీ విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు దగ్గర కాకుటూరులో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అక్షరం గుర్తును నిర్ణయించడం గురించి పెద్దలు చెప్పారు. దీనికి ఎదురు దిక్కు కూడా ఉన్నదని మా పాఠంలో వచ్చింది. సైటోసిన్ తనంతట తాను అమైన్ సమూహాన్ని కోల్పోవడం కణాలలో ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది. గుర్తు లేని సైటోసిన్ అలా మారితే యురాసిల్ అవుతుంది. డీఎన్ఏలో యురాసిల్ ఉండకూడదు కాబట్టి కణం దాన్ని వెంటనే పట్టుకొని సరిచేస్తుంది. మిథైల్ గుర్తు ఉన్న సైటోసిన్ మారితే థైమిన్ అవుతుంది. అది డీఎన్ఏలో ఉండదగిన అక్షరమే కాబట్టి పొరపాటు దొరకకుండా నిలిచిపోయే అవకాశం ఎక్కువ. అందువల్ల సీపీజీ చోట్లలో ఉత్పరివర్తనలు, అంటే అక్షరాల మార్పులు, మిగతా చోట్ల కంటే సుమారు పది రెట్లు ఎక్కువగా జరుగుతాయని, తరతరాలుగా ఇలా కరిగిపోయి మనిషి డీఎన్ఏలో సీపీజీలు ఉండవలసిన సంఖ్యలో దాదాపు ఐదో వంతే మిగిలాయని చదివాము. క్యాన్సర్లలో తరచుగా చెడే పీ53 జన్యువులో ఎక్కువగా దెబ్బతినే చోట్లలో చాలావరకు సీపీజీలే.

అంటే మేడమ్ గారి ఉపమానంలో, పొల్లు పెట్టి పెట్టి చివరకు అక్షరమే అరిగి వేరే అక్షరం అవుతుందన్నమాట. ఆ అక్షరం పోయాక అక్కడ పొల్లు పెట్టడానికి చోటే ఉండదు. నేను సరిగానే అర్థం చేసుకున్నానా సర్?

జవాబు: అద్దంకి, ప్రస్తుతం హైదరాబాద్

సరిగ్గా అర్థం చేసుకున్నావు తమ్ముడూ. నేను రాయవలసి ఉండీ మరిచిన విషయం ఇది. దీనికి ప్రయోగశాలలో ఒక కొసరు ఉన్నది, అదీ విను. మేము గుర్తులను చదివేది బైసల్ఫైట్ పద్ధతిలో. డీఎన్ఏను బైసల్ఫైట్‌లో ఉంచితే గుర్తు లేని సైటోసిన్ యురాసిల్‌గా మారి, యంత్రం చదివేటప్పుడు థైమిన్‌గా కనబడుతుంది. గుర్తు ఉన్నది చెక్కుచెదరకుండా సైటోసిన్‌గానే కనబడుతుంది. ఇక పుట్టుకతోనే ఆ చోట సైటోసిన్‌కు బదులు థైమిన్ ఉన్న మనిషి నమూనా వచ్చిందనుకో. యంత్రానికి అదీ "గుర్తు లేదు" అన్నట్టే కనబడుతుంది. చేరిన మొదటి ఏడాది నేను ఒక చోట మనుషులు మూడు గుంపులుగా, గుర్తు పూర్తిగా ఉన్నవారు, సగం ఉన్నవారు, అసలు లేనివారుగా విడిపోవడం చూసి, గొప్ప సంగతి దొరికిందని రెండు వారాలు నిద్రపోలేదు. తీరా చూస్తే అది మిథైలేషన్ కాదు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన అక్షరభేదం. ఒక్కొక్క మనిషిలో, శాస్త్రవేత్తలు ప్రమాణంగా పెట్టుకున్న డీఎన్ఏ వరుసతో పోలిస్తే, 40 నుంచి 50 లక్షల చోట్ల అక్షరాలు తేడాగా ఉంటాయి కాబట్టి, ఈ పొరపాటు ఎవరికైనా ఎదురవుతుంది. అప్పటి నుంచి అక్షరాలను విడిగా చదవకుండా మిథైలేషన్ లెక్కను నేను నమ్మను.

ఇప్పుడు మేడమ్ నాన్నగారి సంగతి. కవలలలో అక్షరాలు ఒకటే కాబట్టి తేడా అంతా గుర్తులలోనే ఉండాలన్న ఆయన వాదనలో ఒక మెట్టు తప్పిపోయింది. గుర్తులలో తేడా ఉంటుందన్నది నిజమే. 2005లో స్పెయిన్‌లో 40 జతల కవలలను పరిశీలించినప్పుడు, చిన్న వయసు జతలలో గుర్తులు దాదాపు ఒకేలా ఉన్నాయి. వయసు పెరిగిన జతలలో, విడివిడిగా బతికిన జతలలో తేడాలు పెరిగాయి. అయితే ఆ తేడా జబ్బుకు కారణమా, జబ్బు మిగిల్చిన జాడా, లేక తిండికి, పనికి, పొగకు వచ్చిన జాడా అన్నది వేరే ప్రశ్న.

మీ ఇంట్లోనే రెండు ఉదాహరణలున్నాయి. మొదటిది బాబాయిగారి చుట్ట. పొగతాగేవారి రక్తంలో, ఐదో క్రోమోజోమ్ మీది ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువులో ఒక చోట మిథైల్ గుర్తు బాగా తగ్గిపోతుంది. ఇది ఎంత నిలకడగా కనబడుతుందంటే, మనిషిని అడగకుండానే రక్తం చూసి పొగతాగుతాడో లేదో చాలావరకు చెప్పవచ్చు. మానేస్తే కొన్నేళ్లలో ఆ గుర్తు మెల్లగా తిరిగి వస్తుంది. ఇద్దరు అన్నదమ్ముల రక్తాన్ని పక్కపక్కన పెడితే ఈ చోట పెద్ద తేడా ఉంటుందని నేను చూడకుండానే అనుకుంటున్నాను. కానీ షుగర్ వచ్చినది చుట్ట తాగే బాబాయిగారికి కాదు, నాన్నగారికి కదా. తేడా ఉన్నంత మాత్రాన అది మనం వెతుకుతున్న తేడా కానక్కరలేదు.

రెండవది షుగర్. షుగర్ ఉన్నవారి రక్తంలో టీఎక్స్ఎన్ఐపీ అనే జన్యువులో ఒక చోట గుర్తు తక్కువగా ఉండడం అనేక దేశాల పరిశీలనలలో కనబడింది. ఆ జన్యువు రక్తంలో గ్లూకోజ్ పెరిగితే ఎక్కువగా పనిచేసే స్వభావం గలది. షుగర్ అదుపులో లేనివారిలో ఆ గుర్తు మరింత తగ్గుతుంది. అంటే ఇక్కడ గుర్తు చాలావరకు చక్కెర వెంట నడుస్తున్నది. దానిని ఏదో పొడితో మార్చడం, కోతలయిపోయిన మడికి తూము ఎత్తి పంట వస్తుందనుకోవడమే. అక్షరాల వైపు చూస్తే, టీసీఎఫ్7ఎల్2 జన్యువులోని ఒక అక్షరభేదం ఒక ప్రతి ఉంటే షుగర్ ముప్పు సుమారు 1.4 రెట్లు అవుతుందని 2006 నుంచి తెలుసు. అటువంటివి వందల చోట్ల ఉన్నాయి. ఆ ముప్పు అన్నదమ్ములిద్దరికీ సమానం. కాబట్టి బాబాయిగారికి షుగర్ లేదు కదా అని ఊరుకోకుండా, ఆయనకు ఏటా ఒకసారి రక్త పరీక్ష చేయించండి. ఈ జవాబు మొత్తంలో మీ కుటుంబానికి అన్నిటికంటే పనికివచ్చే మాట ఇదేనని నా అభిప్రాయం. ఇన్నేళ్లు పొలంలో తిరిగిన శరీరం ఇంతవరకు తట్టుకొని ఉండవచ్చు. అక్షరాలు మాత్రం నాన్నగారివే.

ఆ పరీక్ష గురించి: గుర్తులను బట్టి వయసు లెక్కగట్టే పద్ధతి అబద్ధం కాదు. 2013లో హోర్వాత్ అనే శాస్త్రవేత్త 353 చోట్లను చూసి వయసును చాలా దగ్గరగా చెప్పే లెక్కను తయారుచేశాడు. కానీ ముఖం మీది ముడతలను చూసి వయసు చెప్పగలిగినట్టే అది కూడా. ముడతకు మందు రాస్తే వయసు తగ్గదు. పైగా గుర్తులు కణం కణానికి వేరుగా ఉంటాయి. లాలాజలంలో ఉండేవి బుగ్గ లోపలి కణాలు, తెల్ల రక్తకణాలు. ఇన్సులిన్ చేసే బీటా కణాలు క్లోమంలో ఉన్నాయి, అవి ఉమ్మిలోకి రావు. ఉమ్మిలోని తెల్లకణాల వాటా అటూ ఇటూ అయితే ఫలితం కూడా మారవచ్చు. జలుబు చేసినప్పుడు ఒకటి, తగ్గాక ఒకటి రావచ్చు. దీనిని చూసి మాత్రలు తగ్గించుకోవడం నిప్పుతో చెలగాటం. నాన్నగారికి నా మాటగా చెప్పండి.

జవాబు: ఒంగోలు, పశువైద్యుడు

ఈ చర్చను ఆసక్తిగా చదువుతున్నాను. మా వైపు రైతులు అడిగే ప్రశ్న ఒకటి దీనికి దగ్గరగా ఉన్నది. చూడి ఆవుకు మంచి మేపు పెడితే ఆ గుణం దూడకు, దూడ దూడకు కూడా పోతుందా అని అడుగుతారు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్లాదిగా పెరిగింది కదా, అక్కడి గడ్డికి, వాతావరణానికి జాతి మారిపోయిందా అని కూడా అడుగుతారు.

ఎలుకలలో ఒక ప్రయోగం ఉన్నది. అగూటి అనే జన్యువు ముందు ఒక అదనపు డీఎన్ఏ ముక్క దూరిన ఎలుకలు పసుపు రంగులో పుట్టి లావెక్కుతాయి. 2003లో వాటర్‌లాండ్, జర్టిల్ అనేవారు ఆ రకం మగ ఎలుకలతో జతకట్టిన తల్లి ఎలుకలకు చూడి సమయంలో ఫోలిక్ ఆమ్లం, బీ12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెడితే, ఆ ముక్క మీద మిథైల్ గుర్తులు పెరిగి, ఎక్కువ పిల్లలు గోధుమ రంగులో పుట్టాయి. అయితే ఆ ముక్క రాని పిల్లలలో, తల్లి అదే మేత తిన్నా, రంగు మారదు. గుర్తు పనిచేయడానికి ముందు ఆ అక్షరాల ముక్క ఉండాలి. ఇది రైతులకు చెప్పేటప్పుడు మరిచిపోతుంటాము.

తరతరాలకు పోతుందా అంటే, పాలిచ్చే జంతువులలో గుర్తులు చాలావరకు రెండుసార్లు తుడిచిపెట్టుకుపోతాయి, ఫలదీకరణ అయిన వెంటనే ఒకసారి, పిండంలో బీజకణాలు తయారయ్యేటప్పుడు ఇంకొకసారి. అక్కడా ఇక్కడా మిగిలేవి ఉంటాయి గానీ మేపు మహిమ మనవళ్ల దాకా పోతుందని నేను రైతుకు చెప్పను. మొదటి తుడుపును తట్టుకొని నిలిచే గుర్తులు కొన్ని ఉన్నాయి, తల్లి వైపు ప్రతి పలకాలా, తండ్రి వైపు ప్రతి పలకాలా అని తేల్చేవి. గాజుపాత్రలో ఎదిగిన పిండాలలో ఈ గుర్తులు చెదిరితే దూడలు, గొర్రెపిల్లలు మామూలు కంటే బాగా పెద్దవిగా పుట్టి, ఈతలో తల్లికీ పిల్లకూ ప్రాణం మీదికి వస్తుంది. గొర్రెలలో ఐజీఎఫ్2ఆర్ అనే జన్యువు మీది గుర్తు పోవడం దీనికి కారణమని 2001లో చూపించారు. పిండ మార్పిడితో మన జాతిని పెంచుదామని ఉత్సాహపడేవారు ఇది తెలుసుకొని ఉండాలి. కొండలా పుట్టిన దూడను చూసి రైతు సంబరపడుతుంటే, నేను ముందు తల్లి పరిస్థితి చూస్తాను.

ప్రశ్న వేసినవారు: కందుకూరు అధ్యాపకురాలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న తరగతిలో పాలు, మజ్జిగ ఉదాహరణ చెప్పాను. పాలు పడనివారు ఎందరని అడిగితే పదకొండు చేతులు లేచాయి. ఆ తరువాత "క" రాసి, ఆ అక్షరాన్నే తుడిచి వేరేది రాసి, ఇప్పుడు పొల్లు ఎక్కడ పెడతారని అడిగాను. వెనక బెంచీ అమ్మాయి, "అయితే పొల్లు పెట్టేవాళ్లకు కూడా జన్యువులు ఉంటాయి కదా మేడమ్, వాటికీ పొల్లు పడుతుందా?" అన్నది. డీఎన్ఎంటీ3ఏ జన్యువులోనే అక్షరం మారితే గుర్తుల అమరిక అంతటా చెదరుతుందని, రక్త క్యాన్సర్ ఉన్న కొందరిలో ఆ మార్పు కనబడుతుందని చదివి ఉన్నాను కాబట్టి, ఈసారి మాట తప్పించుకోకుండా అంతవరకు చెప్పగలిగాను. ఆ జన్యువుకే పొల్లు పడుతుందా అన్నది మాత్రం చదివి చెబుతానన్నాను.

నాన్నకు అద్దంకి వారి జవాబు మొత్తం చదివి వినిపించాను. ఉమ్మిలో క్లోమం కణాలు ఉండవన్న మాట దగ్గర ఆగి, మళ్లీ చదవమన్నారు. మాత్రలు మామూలుగానే వేసుకుంటున్నారు. బాబాయి ఈ ఆదివారం కొండపి నుంచి వస్తున్నాడు. సోమవారం పొద్దున పరగడుపున ఇద్దరికీ ఒకేసారి రక్త పరీక్ష చేయిస్తున్నాము, మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష కూడా రాయించాము.